సొంత ఫోన్‌లో సంస్థ ఫైలు: అజమాయిషీ లేని పరికరాల్లో ప్రమాదకర క్లౌడ్ యాప్‌ల కట్టడి

సూరత్: ఈ నగరంలో చీర మీదికి ఎక్కే పువ్వు మొదట కంప్యూటర్ ఫైలుగా పుడుతుంది. ఎంబ్రాయిడరీ యంత్రానికైతే అది సూది ఎక్కడ దిగాలో, దారం ఎక్కడ తెగాలో చెప్పే సూచనల వరుస. జకార్డ్ మగ్గానికైతే ఏ పడుగు పోగు ఎప్పుడు పైకి లేవాలో చూపే పటం. డిజిటల్ ప్రింటింగ్‌కైతే పెద్ద రంగుల చిత్రం. వజ్రం సంగతీ అంతే. ముడిరాయిని స్కానింగ్ యంత్రంలో పెట్టి, లోపలి మచ్చలను గుర్తించి, ఎలా కోస్తే ఎంత బరువు దక్కుతుందో లెక్కగట్టే త్రీడీ నమూనా సిద్ధమయ్యాకే విలువైన రాయి సాన దగ్గరకు వెళుతుంది.

ఈ ఫైళ్లు సంస్థ కంప్యూటర్లలోనే ఉండిపోవు. బయట పనిచేసే డిజైనర్ ల్యాప్‌టాప్‌కు, జాబ్‌వర్క్ యూనిట్ యజమాని ఫోన్‌కు, దళారి ఫోన్‌కు, లెక్కలు చూసే గుమాస్తా ఇంట్లోని కంప్యూటర్‌కు క్లౌడ్ ద్వారా చేరుతుంటాయి. అవి సంస్థ కొనిచ్చిన పరికరాలు కావు. వాటిలో ఏయే యాప్‌లున్నాయో, ఇంట్లో ఇంకెవరు వాడుతున్నారో సంస్థకు తెలియదు. సమాచార భద్రత రంగంలో వీటిని ‘అన్‌మేనేజ్డ్ డివైసెస్’ అంటారు. ‘నిర్వహించని పరికరాలు’ అని మాటకు మాట పెడితే పాడుబడిన పరికరాలన్న అర్థం వస్తుంది కనుక, సంస్థ అజమాయిషీలో లేని పరికరాలు అనడమే సబబు.

అలాంటి పరికరంలో ప్రమాదకరమైన క్లౌడ్ యాప్‌లను ఎలా ఆపాలన్నది సంస్థల యజమానులు సాధారణంగా వేసే ప్రశ్న. పరికరం మీద అధికారం లేనప్పుడు అందులోని యాప్‌ను ఆపడం దాదాపు అసాధ్యం. ఆ యాప్ దాకా ఫైలు వెళ్లకుండా చూడటం మాత్రం చాలావరకు సాధ్యమే. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లే నిషేధపు ఉత్తర్వులు గోడకే పరిమితమవుతున్నాయి.

సూరత్‌లో ఎందుకింత చిక్కు

ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో సుమారు తొమ్మిది సూరత్ మీదుగానే వెళతాయన్నది ఆ పరిశ్రమలో స్థిరపడిన లెక్క. ఖాజోద్ వద్ద నిర్మించిన సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2023 డిసెంబరు 17న ప్రారంభించారు. తొమ్మిది టవర్లు, దాదాపు 67 లక్షల చదరపు అడుగుల నిర్మాణం, 4,000కు పైగా కార్యాలయాలతో అది ప్రపంచంలోని అతిపెద్ద కార్యాలయ భవనాల్లో ఒకటి. అంత పెద్ద భవనం ఉన్నా వజ్రాల పని మాత్రం వేలాది చిన్న యూనిట్ల మధ్య చేతులు మారుతూనే సాగుతుంది. వస్త్ర వ్యాపారమైతే ఇంకా చెల్లాచెదురు. నేత ఒకచోట, అద్దకం మరోచోట, ఎంబ్రాయిడరీ ఇంకోచోట. అమ్మకం రింగ్‌రోడ్డు మార్కెట్లలో. ఒక చీర పూర్తయ్యేసరికి దాని ఫైలు అరడజను మంది చేతులు దాటవచ్చు. వీరిలో ఒకరికి మరొకరు ఉద్యోగులు కారు కాబట్టి ఒకరి ఫోన్ మీద మరొకరికి అధికారం ఉండదు.

తెలుగువారికి ఈ నగరంతో సంబంధం దూరపుది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. తెలుగు రాష్ట్రాల చీరల దుకాణాలకు ఇక్కడి సరకు ప్రధాన ఆధారాల్లో ఒకటి. కొత్త డిజైన్ల కేటలాగు ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌కే వస్తుంది. సూరత్‌లో ఫైలు జారిపోతే ఆ నష్టం పెట్టుబడి పెట్టి సరకు నిల్వచేసుకున్న తెలుగు వ్యాపారి దాకా వస్తుంది. అదే పువ్వు, అదే అంచు తక్కువ ధరకు పక్క దుకాణంలో కనిపిస్తే కొన్న సరకు అరలోనే మిగులుతుంది.

కాగితం పుస్తకాల్లో నడిచిన ఈ వ్యాపారాన్ని ఇంటర్నెట్‌కు మళ్లించిన కారణాల్లో పన్ను ఒకటి. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. అంతర్రాష్ట్ర సరకు రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. అప్పటిదాకా కంప్యూటర్ లేని దుకాణాలు కూడా ఎవరో ఒకరి ఫోన్ నుంచో, ల్యాప్‌టాప్ నుంచో ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్లక తప్పలేదు. అలవాటు అక్కడ మొదలై కొటేషన్లకు, డిజైన్లకు, బ్యాంకు పత్రాలకు పాకింది. పరికరం ఎవరిదన్న ప్రశ్న ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు.

ఏ యాప్ ప్రమాదకరం

ప్రమాదకర యాప్ అనగానే వైరస్ గుర్తుకొస్తుంది. అది ఒక రకం మాత్రమే. పత్రాలను ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చే కామ్‌స్కానర్ యాప్‌లోని ప్రకటనల భాగంలో హానికర ప్రోగ్రామ్ ఉన్నట్టు 2019 ఆగస్టులో కాస్పర్‌స్కీ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. మరుసటి ఏడాది జూన్ 29న ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో అదీ ఉంది. ఫైళ్లను ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు పంపే షేర్‌ఇట్ కూడా అదే జాబితాలోనిది. రెండూ దేశంలో చిన్న వ్యాపారులు విరివిగా వాడినవే. పేరుపెట్టి నిషేధించినా అవసరం అలాగే ఉంటుంది. అదే పని చేసే మరో యాప్ మరో పేరుతో వచ్చి చేరుతుంది.

రెండో రకం ఉచిత మార్పిడి సైట్లు. ఒక రకం ఫైలును మరో రకంగా మార్చిపెడతామంటూ ఫైలును తమ సర్వర్‌లోకి ఎక్కించుకుంటాయి. మారిన ఫైలుతో పాటు హానికర ప్రోగ్రామ్‌ను అంటగట్టే నకిలీ సైట్లున్నాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. నకిలీవి కానివాటిలోనూ అసలు ఫైలు ఎంతకాలం ఉంటుందో, ఏ దేశంలో ఉంటుందో వాడేవారు చదవని నిబంధనల్లోనే రాసి ఉంటుంది.

మూడోది కృత్రిమ మేధ సాధనాలు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ సోర్స్‌కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టిన ఉదంతం బయటపడ్డాక ఆ సంస్థ అలాంటి సాధనాల వాడకంపై నిషేధం విధించింది. ఆఫీసు కంప్యూటర్లు, పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని భారత ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరి 29న తన సిబ్బందికి సూచించింది. అంతకుముందే, 2022 జూన్‌లో జాతీయ సమాచార కేంద్రం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జారీచేసిన మార్గదర్శకాలు రహస్య ఫైళ్లను గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి ప్రభుత్వేతర క్లౌడ్ సేవల్లో దాచవద్దని, పత్రాలను స్కాన్ చేయడానికి బయటి యాప్‌లు వాడవద్దని పేర్కొన్నాయి.

వీటన్నిటికంటే తెలియకుండా జరిగే నష్టం మంచి యాప్‌ల వల్లే వస్తుంది. వాట్సాప్ సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప మధ్యలో ఎవరికీ కనిపించవు. ఆ లెక్కన అది భద్రమైనదే. అయితే డిజైన్ అందుకున్న ఫోన్‌లో ఆ చిత్రం గ్యాలరీలో చేరుతుంది. గ్యాలరీ నుంచి ఆ వ్యక్తి సొంత క్లౌడ్ ఖాతాకు బ్యాకప్ అవుతుంది. ఆ మనిషి పని మానేసి వెళ్లినా, ఫోన్ మార్చినా ఫైలు అతని ఖాతాలోనే ఉంటుంది. ఎక్కడెక్కడ నకళ్లున్నాయో యజమానికి తెలిసే మార్గం లేదు. సంస్థ ఆమోదం లేకుండా ఇలా పనిలోకి చొరబడే సాధనాలన్నిటినీ కలిపి ‘షాడో ఐటీ’ అంటారు. సూరత్‌లోని చిన్న యూనిట్లకు ఆ పేరు అంతగా పొసగదు. అక్కడ నీడగా పిలవడానికి అసలు ఐటీ విభాగమే ఉండదు.

పరికరం వైపు నుంచి వచ్చే ముప్పు

ఫైలు బయటికి పోవడం ఒక దారి. అజమాయిషీ లేని పరికరం గుండా దొంగ లోపలికి రావడం రెండో దారి. సఫలమైన ర్యాన్సమ్‌వేర్ దాడుల్లో 80 నుంచి 90 శాతం అజమాయిషీ లేని పరికరాల నుంచే మొదలయ్యాయని మైక్రోసాఫ్ట్ 2023 నివేదిక పేర్కొంది.

దీనికి అందరూ చెప్పుకొనే ఉదాహరణ 2024 నాటి స్నోఫ్లేక్ వ్యవహారం. స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సేవను వాడుకునే సుమారు 165 సంస్థలకు ముప్పు ఉన్నట్టు గుర్తించి హెచ్చరించినట్టు గూగుల్‌కు చెందిన మాండియంట్ ఆ ఏడాది జూన్‌లో వెల్లడించింది. స్నోఫ్లేక్ వ్యవస్థను ఎవరూ బద్దలు కొట్టలేదు. ఖాతాదారు సంస్థల తరఫున పనిచేసే వారి కంప్యూటర్లలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌లు ఎప్పుడో చేరాయి. కొన్ని పాస్‌వర్డ్‌లు 2020లోనే చోరీకి గురయ్యాయి. నాలుగేళ్ల తర్వాత కూడా అవే పనిచేశాయి. రెండో అంచె ధ్రువీకరణ లేదు. కాంట్రాక్టుపై పనిచేసేవారు అవే ల్యాప్‌టాప్‌లలో ఆటలు ఆడటం, పైరసీ సాఫ్ట్‌వేర్ దించుకోవడం కూడా చేసేవారని ఆ నివేదికలో ఉంది. ఒక కాంట్రాక్టర్ అనేక సంస్థలకు పనిచేస్తే ఒక్క ల్యాప్‌టాప్ అన్ని సంస్థల తలుపులూ తెరుస్తుంది. పది మార్కెట్ల యజమానులకు లెక్కలు చూసే ఒకే గుమాస్తా, ఇరవై యూనిట్లకు డిజైన్లు గీసే ఒకే డిజైనర్ ఉన్న ఊరికి ఇది వేరే దేశం కథ అనిపించదు.

పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే సేవ అయిన లాస్ట్‌పాస్‌లో 2022లో జరిగిన చోరీ మరో తీరు. కీలక తాళాలు అందుబాటులో ఉన్న నలుగురు ఇంజినీర్లలో ఒకరి ఇంటి కంప్యూటర్‌లో సినిమాలు, పాటల కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా దొంగలు చొరబడి, ఆయన టైప్ చేసిన మాస్టర్ పాస్‌వర్డ్‌ను పట్టుకున్నారు. 2023లో ఆక్టా సంస్థకు ఎదురైనది ఇంకా విచిత్రం. ల్యాప్‌టాప్ సంస్థదే, అజమాయిషీలోనే ఉంది. ఉద్యోగి అందులోని క్రోమ్ బ్రౌజర్‌లో తన సొంత గూగుల్ ఖాతా తెరిచారు. సంస్థ సేవకు సంబంధించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ సొంత ఖాతాలో భద్రమయ్యాయి. దొంగల చేతికి అవి ఆ దారినే చిక్కి ఉండవచ్చని ఆక్టా తేల్చింది. ఆ చొరబాటు 134 మంది ఖాతాదారు సంస్థలను తాకింది. పరికరం అజమాయిషీలో ఉన్నా, దానిలో తెరిచిన ఖాతా లేకపోతే ఫలితం ఒక్కటే.

తాళం ఎక్కడ వేయాలి

సంస్థ కొనిచ్చిన కంప్యూటర్‌లో యాప్‌ను ఆపడం తేలిక. అందులో ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టి, ఇంటర్నెట్ రాకపోకలన్నీ సంస్థ వడపోత గుండా వెళ్లేలా చేస్తారు. ఆఫీసు వైఫై మీదా ఇలాంటి వడపోత పెట్టవచ్చు. ఉద్యోగి సొంత ఫోన్‌లో, సొంత సిమ్ డేటా మీద ఈ రెండూ పనిచేయవు. రాకపోకలు సంస్థ గుండా వెళ్లనప్పుడు వడపోసేది ఏమీ ఉండదు.

అయితే ఆ ఫోన్ సంస్థ ఫైలు కోసం ఎప్పుడో ఒకప్పుడు సంస్థ క్లౌడ్ ఖాతా తలుపు తట్టాలి. ఆ తలుపు మాత్రం సంస్థదే. వచ్చింది ఎవరు, ఏ పరికరం నుంచి, ఎక్కడి నుంచి అని చూసి, దాన్ని బట్టి ఎంతవరకు రానివ్వాలో నిర్ణయించడాన్ని ‘కండిషనల్ యాక్సెస్’ అంటారు. షరతులతో కూడిన ప్రవేశం అన్నమాట. నమోదైన ఆఫీసు కంప్యూటర్ నుంచి వస్తే పూర్తి అనుమతి. తెలియని ఫోన్ నుంచి వస్తే బ్రౌజర్‌లో చూడటానికి మాత్రమే అనుమతి. దించుకోవడం, ముద్రించడం, పరికరంతో సింక్ చేయడం కుదరదు. మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ సేవల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లోనూ పరికరం, ప్రదేశం చూసి ప్రవేశం ఇచ్చే విధానం కొన్ని ప్లాన్లలో దొరుకుతుంది. వజ్రం ప్రణాళికను కొనుగోలుదారు చూడాలి తప్ప తన దగ్గర ఉంచుకోనక్కర్లేదు అనుకున్నప్పుడు ఇది అతికినట్టు సరిపోతుంది. ఎంబ్రాయిడరీ యంత్రంలో ఎక్కించాల్సిన ఫైలుకు సరిపోదు, ఎందుకంటే అక్కడ ఫైలు దిగాల్సిందే.

ఇంతకంటే లోతైన నియంత్రణ కావాలంటే మధ్యవర్తి సేవలున్నాయి. సంస్థకు, క్లౌడ్ సేవకు నడుమ నిలబడి రాకపోకలను పరిశీలించే ఈ వ్యవస్థలకు 2012 ప్రాంతంలో గార్ట్‌నర్ సంస్థ ‘క్లౌడ్ యాక్సెస్ సెక్యూరిటీ బ్రోకర్’ అని పేరు పెట్టింది. బ్రోకర్ అన్న మాట సూరత్‌లో ఎవరికీ వివరించనక్కర్లేదు. అజమాయిషీ లేని పరికరాల విషయంలో ఇవి సాధారణంగా రివర్స్ ప్రాక్సీ పద్ధతిలో పనిచేస్తాయి. వ్యక్తి సంస్థ ఖాతాతో లాగిన్ అయిన వెంటనే ఆ సెషన్ మొత్తాన్ని మధ్యవర్తి గుండా మళ్లిస్తారు. ఫోన్‌లో ఏమీ పెట్టనక్కర్లేదు. ఫలానా రకం ఫైలు దించుకోకూడదు, ఫలానా మాటలున్న పత్రాన్ని కాపీ చేయకూడదు అని సెషన్ మధ్యలోనే ఆపవచ్చు.

ఈ పద్ధతికి ఉన్న హద్దును అమ్మేవారు తరచుగా మెల్లగా చెబుతారు. రివర్స్ ప్రాక్సీ సంస్థ లాగిన్ గుండా వెళ్లే యాప్‌లనే పట్టుకోగలదు. గుమాస్తా తన సొంత జీమెయిల్‌తో తెరిచిన ఉచిత మార్పిడి సైటు, సొంత నంబరుతో తెరిచిన చాట్ యాప్ దానికి కనిపించనే కనిపించవు. ప్రమాదకర యాప్‌లను అజమాయిషీ లేని పరికరాల్లో కూడా ఆపగలమన్న ప్రకటనలను ఈ కోణంలో పరీక్షించాలి: ఆ యాప్‌లోకి ప్రవేశం సంస్థ ఖాతాతోనా, సొంత ఖాతాతోనా?

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. కొన్ని యాప్‌లు ‘మీ డ్రైవ్‌ను చదవడానికి అనుమతించండి’ అని సంస్థ క్లౌడ్ ఖాతానే అడుగుతాయి. వాడేవారు సరేనని నొక్కితే ఆ యాప్‌కు ఒక టోకెన్ దక్కుతుంది. తర్వాత పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ టోకెన్ రద్దవుతుందన్న హామీ లేదు. 2025 ఆగస్టులో సేల్స్‌లాఫ్ట్ సంస్థకు చెందిన డ్రిఫ్ట్ అనే చాట్ సాధనం నుంచి ఇలాంటి టోకెన్లు చోరీ అయి, వాటి ద్వారా వందల సంస్థల సేల్స్‌ఫోర్స్ సమాచారం దొంగల పాలైంది. బాధితుల్లో భద్రతా సంస్థలైన క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్ వంటివీ ఉన్నాయి. ఏ యాప్‌కు ఇలాంటి అనుమతి ఇవ్వవచ్చో సంస్థ నిర్వాహకులే ముందుగా నిర్ణయించే వీలు మైక్రోసాఫ్ట్, గూగుల్ సేవల్లో ఉంది. నిర్వాహకులు ఆమోదించని యాప్‌ను ఏ ఫోన్ నుంచి నొక్కినా అనుమతి దక్కదు. అజమాయిషీ లేని పరికరంలో ప్రమాదకర యాప్‌ను నిజంగా ఆపగలిగే చోట్లలో ఇది ఒకటి. అదనపు ఖర్చు లేకుండా దొరికే ఈ అమరికను చాలామంది తెరిచి కూడా చూడరు.

మిగిలిన మార్గాలు ఖర్చుతో కూడినవి. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్‌కు చేరేది తెర బొమ్మే. బ్రౌజర్ ఐసొలేషన్ కూడా దాదాపు ఇదే. వేగమైన ఇంటర్నెట్ లేకపోతే రెండూ విసిగిస్తాయి; విసిగినవారు మళ్లీ వాట్సాప్‌కే వెళతారు. తెర మీది బొమ్మను మరో ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ సాధనమూ ఆపలేదు. చూస్తున్నవారి పేరును తెరమీద వాటర్‌మార్క్‌గా వేయడం వల్ల ఎవరి తెర నుంచి పోయిందో తెలుస్తుంది. అంతకుమించి ఆశించకూడదు.

రెండో అంచె ధ్రువీకరణ అన్నిటికీ పునాది. స్నోఫ్లేక్ ఖాతాలకు అది ఉండి ఉంటే పాత పాస్‌వర్డ్‌లు అక్కరకు వచ్చేవి కావు. కానీ ఇటీవలి చోరీ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌తో పాటు బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలనూ ఎత్తుకుపోతున్నాయి. కుకీ దొరికితే ఓటీపీ అడిగే సందర్భమే రాదు. అందుకే తెలియని పరికరాల నుంచి వచ్చిన లాగిన్‌ను వారాల తరబడి తెరిచి ఉంచకుండా కొన్ని గంటల్లో ముగించే ఏర్పాటు చేస్తారు. పరికరం ఆఫీసు గోడల లోపల ఉందన్న కారణంతో నమ్మకూడదని, ప్రతి ప్రవేశాన్నీ విడిగా పరీక్షించాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో వెలువరించిన ‘జీరో ట్రస్ట్’ పత్రం చెప్పింది కూడా ఇదే.

ఫోన్ ఉద్యోగిది, హక్కూ ఉద్యోగిదే

పరికరాన్నే అజమాయిషీలోకి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అన్న వాదన ఉంది. సంస్థ సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో పెట్టాక ఏయే యాప్‌లున్నాయో చూడటం, అవసరమైతే ఫోన్‌ను దూరం నుంచి తుడిచేయడం సాధ్యమవుతుంది. 15,000 రూపాయలు పెట్టి కొనుక్కున్న సొంత ఫోన్‌లో పిల్లల ఫొటోలు, బ్యాంకు యాప్, ఊరి నుంచి వచ్చే ఫోన్లు అన్నీ ఉంటాయి. దానిని తుడిచేసే అధికారం యజమానికి ఇమ్మని అడగడం న్యాయం కాదు. నెల జీతానికి బదులు పీసు లెక్కన కూలి తీసుకునేవారిని అడిగితే అది బలవంతమే అవుతుంది.

ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి వర్క్ ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్‌లో పనికి వేరుగా ఒక అర కేటాయిస్తుంది. ఆ అరలోని యాప్‌లు, ఫైళ్లు మాత్రమే సంస్థకు కనిపిస్తాయి. పని మానేసినప్పుడు ఆ అరే తుడిచిపోతుంది. కేవలం సంస్థ యాప్‌కు మాత్రమే తాళం వేసి, ఫోన్ జోలికి పోని పద్ధతి కూడా ఉంది. ఆ యాప్‌లో తెరిచిన పత్రాన్ని బయటి యాప్‌లోకి కాపీ చేయడం కుదరదు. ఉద్యోగులకు ఈ రెండూ నచ్చచెప్పవచ్చు. దళారికి, జాబ్‌వర్క్ యజమానికి ఇవీ నచ్చవు. వారి దగ్గర తలుపు దగ్గరి తాళమే దిక్కు.

చట్టం అడిగేది

డిజైన్ల చట్టం, 2000 ప్రకారం నమోదుకు దరఖాస్తు చేయకముందే ప్రజలకు వెల్లడైన డిజైన్‌కు రక్షణ దక్కదు. నమోదైతే పదేళ్లు, ఆపై మరో ఐదేళ్ల పొడిగింపు. నమోదుకు అర్హత ఉండి కూడా నమోదు చేయించని డిజైన్‌కు కాపీరైట్ దారీ ఎక్కువ దూరం పోదు. డిజైన్‌ను వస్తువు మీద 50 సార్లకు మించి పారిశ్రామికంగా ముద్రిస్తే ఆ హక్కు ముగిసిపోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఒకే డిజైన్‌తో వందలాది చీరలు దించే సూరత్‌లో 50 అన్నది ఒక పూట లెక్క.

నమ్మి చూపించినవారు మోసం చేసి బయటపెడితే దానిని వెల్లడిగా పరిగణించరాదని డిజైన్ల చట్టంలోనే 16వ సెక్షన్ ఉంది. ఆ రక్షణ కోరేవారు ఫైలును ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో చూపగలగాలి. వాట్సాప్ గ్రూపులో పడేసిన ఫైలు ఎవరి చేతి నుంచి జారిందో చెప్పడం కష్టం. ఫలానా రోజు ఫలానా ఖాతా నుంచి తెరిచారన్న నమోదు క్లౌడ్ ఖాతాలో ఉంటే వాదనకు ఆధారం దొరుకుతుంది. ప్రవేశ నియంత్రణ వల్ల చేకూరే మేలులో ఆపడం కంటే ఈ నమోదుకే విలువ ఎక్కువ కావచ్చు.

నమోదులను కేంద్ర ప్రభుత్వం కూడా అడుగుతోంది. సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలని, వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం వ్యక్తుల డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ డేటాను తమ తరఫున మరొకరు నిర్వహించినా బాధ్యత సంస్థదే. 2025 నవంబరులో వెలువడిన నియమాల్లో లాగ్‌లను ఏడాది పాటు ఉంచాలన్న షరతు ఉంది. ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. డిజైన్ ఫైలు వ్యక్తిగత డేటా కాదు. కూలీల ఆధార్ నకళ్లు, బ్యాంకు వివరాలు మాత్రం అవుతాయి. అవీ అదే గుమాస్తా ఫోన్‌లోనే ఉంటాయి.

చిన్న దుకాణం చేతిలో ఉన్నది

ఈ సాధనాల్లో ఖరీదైనవి బోర్స్‌లోని పెద్ద ఎగుమతిదారులకే అందుతాయి. రింగ్‌రోడ్డు దుకాణానికి ఇప్పటికే అలవాటైన ఒక ఉదాహరణ ప్రభుత్వ పోర్టల్‌లోనే ఉంది. ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ వ్యవస్థల్లో రెండో అంచె ధ్రువీకరణను 2025 జనవరి 1 నుంచి 20 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు ఉన్నవారికి, ఫిబ్రవరి 1 నుంచి ఐదు కోట్లు దాటినవారికి, ఏప్రిల్ 1 నుంచి మిగిలిన అందరికీ తప్పనిసరి చేశారు. ఓటీపీ యజమాని ఫోన్‌కు రావడం, ఆయన దాన్ని గుమాస్తాకు ఫోన్‌లో చదివి వినిపించడం ఈ నిబంధన ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. పోర్టల్‌లో సబ్-యూజర్ సదుపాయం ఉంది. ఒక్కో గుమాస్తాకు ఒక్కో ఖాతా, అతని నంబరుకే ఓటీపీ. ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో విడిగా నిర్ణయించవచ్చు. మానేసిన రోజున ఆ ఒక్క ఖాతాను మూసేస్తే చాలు, మిగిలినవారి పాస్‌వర్డ్ మార్చనక్కర్లేదు.

డిజైన్ ఫైళ్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఉచిత సొంత జీమెయిల్‌కు బదులు దుకాణం పేరుతో నడిచే ఖాతా, ఒక్కో మనిషికి విడి లాగిన్, బయటివారికి ఫైలుకు బదులు గడువు తేదీ ఉన్న లింకు, చూడటానికి తక్కువ నాణ్యత బొమ్మ, ఆర్డరు ఖాయమయ్యాకే యంత్రానికి ఎక్కే అసలు ఫైలు. గుమాస్తాలకు ఫైలు మార్పిడి అవసరమైతే ఒక నమ్మకమైన సాధనాన్ని దుకాణమే కొనివ్వడం నిషేధపు నోటీసు కంటే చవక.

సూరత్‌లో వజ్రాల యూనిట్లు దీపావళికి రెండు, మూడు వారాలు మూతపడతాయి. సౌరాష్ట్ర కార్మికులు ఊళ్లకు వెళతారు. తిరిగి వచ్చేటప్పుడు చాలామంది యూనిట్ మారతారు. వ్యాపారులు ఆ సెలవుల్లోనే పాత పద్దులు ముగించి, లాభ పంచమికి కొత్త పుస్తకం తెరుస్తారు. ఎవరెవరి ఫోన్లకు ఏయే ఫోల్డర్ల ప్రవేశం మిగిలి ఉందో, ఏ యాప్‌ల టోకెన్లు ఇంకా బతికి ఉన్నాయో చూసి, వెళ్లిపోయినవారి పేర్లు తీసేసే పనికి ఆ రెండు తేదీల మధ్య తగినంత వ్యవధి దొరుకుతుంది.